ముద్ర చరణం

మా ఆయన కాఫీ తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించిన పొద్దున్నే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే ఉండేది. అరుగు మీద, కంప్యూటరు పక్కన, ఒక్కోసారి తులసికోట గట్టు మీద కూడా. ఏరుకొచ్చే పని నాది. అలాంటిది ఆ పూట ఆయన వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, గ్లాసు తొలిచి, బోర్లించి, తువ్వాలుకి చేతులు తుడుచుకుని, "వల్లీ, నీ మేలుకొలుపు రేడియోకి పంపిద్దామా?" అన్నారు. చారులోకి చింతపండు పిసుకుతున్నదాన్ని పిసుకుతూనే ఆయన మొహంలోకి చూశాను. ఒంట్లో బాగానే ఉన్నట్టు కనిపించారు. ఆయన పేరు రామ్‌ప్రసాద్. పేరు పైకి అనకూడదని అత్తయ్యగారి నియమం, రాయకూడదని ఎవరూ చెప్పలేదు.

రేడియో సంగతి మా ఇంట్లో కొత్తది కాదు. అమలాపురంలో ‘లంకగాలి’ అని చిన్న రేడియో స్టేషను ఒకటి పెట్టారు. మా ఐనవిల్లి దాకా శుభ్రంగా వినిపిస్తుంది. కొబ్బరి ధరలు చెబుతారు, వేటకెళ్ళేవాళ్ళకి గాలివాన కబురు చెబుతారు. పొద్దున్న పాలు కాగే వేళకి ‘మన ఇంటి పాట’ అని ఒక కార్యక్రమం వస్తుంది. క్రిస్టీనా అనే అమ్మాయి దాన్ని నడుపుతుంది. "మీ ఇళ్ళల్లో పాడుకునే పాటలు మాకు పంపండి. ఫోనులో పాడి పంపినా పరవాలేదండీ. ఫ్యాను ఆపుకోండి, కుక్కరు కూత పడకుండా చూసుకోండి. పాడినవారి పేరు, పాట కట్టినవారి పేరు మాత్రం తప్పకుండా చెప్పండి" అని రోజూ అంటుంది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పెనం మీద దోసె నల్లగా మాడిపోయింది. ఆ మాడిన దోసె నేనే తిన్నాను, ఎప్పటిలాగే.

ఎందుకంటే నా దగ్గర పాటలున్నాయి. ఎక్కడో నేర్చుకున్నవి కావు, నేను కట్టినవి. రాయవరంలో మా అమ్మమ్మ పాటలు కట్టేది. వడ్లు దంచుతూ, విస్తళ్ళు కుడుతూ కట్టేది. ఆ విద్య నాకూ అబ్బింది. పాట కట్టినవాళ్ళు చివరి చరణంలో ఎక్కడో ఒకచోట తమ పేరు కూర్చుకుంటారు, దాన్ని ముద్ర అంటారు. ఆ చరణం వచ్చేసరికి మా అమ్మమ్మ గొంతు కాస్త పెద్దదయ్యేది. "పేరు పెట్టుకోడానికి సిగ్గుపడకే పిల్లా. నువ్వు పెట్టుకోకపోతే ఇంకెవరూ పెట్టరు" అనేది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఫలానావారి భార్య అనే పిలిచేవారు. పాటలో మాత్రం ఆవిడ ఆవిడే.

నా పాటల్లో నాకు ఇష్టమైనది మేలుకొలుపు. మేలుకొలుపులు దేవుణ్ణి లేపడానికి పాడతారు. మా ఇంట్లో దేవుడి కంటే ముందు లేపవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక నేను వాళ్ళ మీద కట్టాను.

"మేలుకో పొయ్యమ్మ మేలుకోవే
మేలుకో పాలమ్మ మేలుకోవే
అత్తగారికి వేడినీళ్ళు కావాలి
అయ్యగారికి కాఫి అందాలి"

ఇలా సాగుతుంది. చీపురునీ, కవ్వాన్నీ, పిల్ల క్యారేజీనీ, ఆయన చొక్కా గుండీనీ అన్నింటినీ ఒక్కొక్క చరణంలో లేపుతాను. చివరి చరణం నాది.

"ఇందరిని లేపేటి నాగవల్లినీ
ఎవ్వరూ లేపరూ ఎందుకమ్మా"

ఈ పాట రేడియోలో రావాలని నాకు కోరిక. చిన్నది అనండి, పిచ్చిది అనండి. నా పేరు నా ఇంటి బయట ఒక్కసారి వినపడాలి, అంతే. ఓటరు కార్డు మీదా, గ్యాసు బుక్కు మీదా ఉన్నట్టు కాదు. పాటలో ఉన్నట్టు, రాగంతో.

పంపడానికి నేను ఎన్నిసార్లు ప్రయత్నించానో చెబితే నవ్వుతారు. పాటకి కావలసింది ఓ పావుగంట నిశ్శబ్దం. కొబ్బరితోట ఉంది, పెరడు ఉంది, నాలుగు గదుల ఇల్లుంది, పావుగంట నిశ్శబ్దం మాత్రం లేదు. పల్లవి ఎత్తుకోగానే అత్తయ్యగారు "వల్లీ, నా మందుబిళ్ళ" అంటారు. మొదటి చరణంలో గ్యాసువాడు బెల్లు కొడతాడు. రెండో చరణంలో ఆయన లోపల్నుంచి "ఫోనులో ఉన్నాను, ఆ రాగం కాస్త తగ్గించు" అంటారు. రికార్డు చేసింది మళ్ళీ విని చూసుకుంటే నా పాట తక్కువ, నన్ను పిలిచిన పిలుపులు ఎక్కువ. తుడిచేసేదాన్ని. ఒకసారి మనసు చంపుకోలేక ఆయన్నే అడిగాను, కాస్త సాయం చేయమని. "రేడియో ఎవరు వింటున్నారు వల్లీ ఈ రోజుల్లో. పైగా మన ఇంటి గొడవలు ఊరందరికీ చాటుకోవడం దేనికి" అన్నారు. అత్తయ్యగారు శారదాంబగారు మడి కట్టుకుని పక్కనే ఉన్నారు. "అసలు వంట చేస్తూ ఆ కూనిరాగాలేమిటే, నైవేద్యం మీద తుంపర పడుతుంది" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

ఆ మనిషి ఇప్పుడు గ్లాసు కడిగి, పాట పంపిద్దామంటున్నారు. నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఆ వారమంతా కనిపెట్టి చూశాను. అన్నం దగ్గర ఉప్పు సరిపోయిందా లేదా అనకుండా తినేస్తున్నారు. "అమ్మా, మంచినీళ్ళు నువ్వు తెచ్చుకోలేవా, వల్లి ఒక్కతీ ఎన్నని చేస్తుంది" అన్నారు ఒక పూట. అత్తయ్యగారు నోరు తెరుచుకుని కొడుకు వంక చూసి, తరవాత నా వంక చూశారు, మందు పెట్టింది నేనే అన్నట్టు. పొలం ఏమన్నా బేరం పెట్టారా అనుకున్నాను. మా అన్నయ్య దగ్గర ఏదైనా అడగమంటారేమో అనుకున్నాను. ఇంకెవరితోనైనా ఏదైనా ఉందేమో అని కూడా అనుకున్నాను, తరవాత ఆయన బనీను ఆరేస్తూ ఆ అనుమానం వదిలేశాను. నా ఖర్మ కాకపోతే మొగుడు మంచిగా ఉంటే సంతోషించాలి గాని ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అనుమానం పోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నదేదైనా ఉంటే, ఆయన గొంతులో తేనె ఎప్పుడు పడుతుందో కనిపెట్టడమే.

పాట రికార్డు చేసిన రోజు ఆయన వీధి తలుపు గడియ వేశారు. అత్తయ్యగారిని పెరట్లో కుర్చీలో కూర్చోబెట్టి, "ఓ అరగంట వల్లిని పిలవకు" అన్నారు. కొబ్బరికాయల గదిలో బస్తాలుంటాయి కనుక గొంతు మోగదని, అక్కడ కూర్చోబెట్టారు. ఫోను ఆయనే పట్టుకున్నారు. నేను కళ్ళు మూసుకుని పాడాను. ఏ పిలుపూ లేకుండా, ఏ బెల్లూ లేకుండా నా పాట నేను మొదటి నుంచి చివరి దాకా వినడం అదే మొదలు. కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. ఆయన తల ఊపి, "బ్రహ్మాండం. చివరి చరణంలో మాత్రం శ్రుతి కాస్త జారింది. అది విడిగా ఇంకోసారి పాడు, నేను అతికిస్తాను" అన్నారు. శ్రుతి జారలేదు. నాకు తెలుసు. అయినా పాడాను. ఆయన ఇచ్చిన ఆ నిశ్శబ్దానికి అంత మురిసిపోయి ఉన్నాను మరి.

పాట వేసే రోజు ముందే తెలిసింది. ఆయనే ఎదురింటివాళ్ళకీ, కాలేజీలో వాళ్ళకీ చెప్పారు. ఆయన అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతారు. కాకినాడలో చదువుతున్న మా అమ్మాయి రమ్యశ్రీకి కూడా ఫోను చేసి, వినమని చెప్పారు. ఆ పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, రేడియో గట్టు మీద పెట్టుకుని నించున్నాను. ఆయన గుమ్మంలో, అత్తయ్యగారు పీట మీద. క్రిస్టీనా గొంతు వినిపించింది.

"ఇప్పుడు కోనసీమ స్త్రీల సంప్రదాయ మేలుకొలుపు. కర్త తెలియదు. సేకరణ, ఐనవిల్లి నుంచి తెలుగు అధ్యాపకులు శ్రీ రామ్‌ప్రసాద్ గారు. పాడినవారు శ్రీమతి రామ్‌ప్రసాద్."

నేను ఆయన వంక చూశాను. ఆయన వేలు పెదాల మీద పెట్టుకుని, వినమన్నట్టు రేడియో చూపించారు. పాట మొదలైంది. నా గొంతే. పొయ్యమ్మ లేచింది, పాలమ్మ లేచింది, చీపురూ కవ్వమూ లేచాయి. చొక్కా గుండీ చరణం అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. చివరి చరణానికి ముందు పీల్చుకునే ఊపిరి అది. ఆ ఊపిరితోనే పాట ఆగిపోయింది. తరవాత ఎరువుల ప్రకటన వచ్చింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

అందరికంటే ముందు మాట్లాడింది అత్తయ్యగారు. "చివరి చరణం ఏదే?" అన్నారు.

"ఏ చరణమమ్మా" అన్నారు ఆయన.

"అదేరా, దాని పేరు వచ్చేది. రోజూ పొద్దున్న నాకు మెలకువ వచ్చేది దాంతోనే కదా."

తుంపర పడుతుందని కసిరే మనిషి పాట మొత్తం మనసులో పెట్టుకున్నారన్నమాట. ఆయన మాత్రం తడుముకోలేదు. "రేడియో అంటే టైము లెక్క ఉంటుందమ్మా. వాళ్ళు కోసేసేరు" అని స్నానానికి వెళ్ళిపోయారు. ఎదురింటావిడ వచ్చి, "మీ ఆయన ఎంత శ్రద్ధండీ, ఎక్కడెక్కడి పాటలో ఏరి తెచ్చేరు" అంది. ఆవిడకి కాఫీ ఇచ్చాను.

వాళ్ళు కోసేసేరు. ఆ మాట నేను గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, కూర తరుగుతూ నోట్లో తిప్పుకున్నాను. రోజూ ఆ కార్యక్రమం వింటాను కదా, ఎంత పొడుగు పాటైనా తెగ్గొట్టగా వినలేదు. విడిగా పాడమన్నది ఎవరు, అతికిస్తానన్నది ఎవరు? మర్నాడు ఆయన బండి సందు తిరగగానే స్టేషనుకి ఫోను చేశాను. నంబరు రోజూ రేడియోలో చెప్పేదే.

"నమస్తే అండీ, లంకగాలి."

"ఐనవిల్లి నుంచమ్మా. నిన్న మేలుకొలుపు వేసేరు కదా."

"ఆయ్, శ్రీమతి రామ్‌ప్రసాద్ గారాండీ? ఎంత బాగా పాడేరండీ. మా అమ్మ రాజోలులో విని కళ్ళనీళ్ళు పెట్టేసుకుందండి."

"సంతోషమమ్మా. చివర ఇంకో చరణం ఉండాలి. టైము చాలక కోసేరా?"

"లేదండీ, మేమేం కొయ్యలేదండి. సార్ పంపిందే అంతండి. ఇంకో చరణం ఉందాండీ?" క్రిస్టీనా గొంతు మారింది. "కట్టినవారెవరో తెలియదని సారే చెప్పేరండి. మీకేమైనా తెలుసాండీ? పేరు తెలిస్తే మళ్ళీ వేసినప్పుడు చెబుతామండి."

నేనే అన్న మాట నోటి చివరి దాకా వచ్చింది. కానీ నేను ఆ పిల్లకి శ్రీమతి రామ్‌ప్రసాద్‌ని. కర్త తెలియదని లెక్చరరు చెప్పాడు, నేనే కర్తనని లెక్చరరు భార్య చెబుతోంది. ఎవరి మాట నమ్ముతుంది? మొగుడూ పెళ్ళాల గొడవ అనుకుని పాట పక్కన పెట్టేస్తే? పైగా ఆయన ఎందుకు ఇలా చేశారో నాకు ఇంకా తెలియదు. తెలియకుండా అడుగు వేయదలుచుకోలేదు.

"తెలుసుకుని చెప్తానమ్మా" అని పెట్టేశాను.

ఎందుకు చేశారో ఆదివారం నాడు తెలిసింది. యజ్ఞనారాయణ మాష్టారు వచ్చారు. కాలేజీలో తెలుగు శాఖకి పెద్దగా ఉండి రిటైరైనాయన. మా ఆయన పరిశోధన చేస్తున్నది ఆయన దగ్గరే. డాక్టరేటు వస్తే మా ఆయనకి ప్రిన్సిపాలు పోస్టు ఇస్తామన్నారు, ఆ సంగతి నాకు తెలుసు. పరిశోధన దేని మీదో మాత్రం ఎప్పుడు అడిగినా "నీకు చెప్పినా అర్థం కాదులే" అనేవారు. మాష్టారికి పెసరట్లు వేస్తున్నాను. వంటింట్లోకి మాటలు బాగా వినిపిస్తాయి.

"కర్త తెలియని స్త్రీల పాటలు ఇన్ని ఒక్క మండలంలో దొరకడం విశేషమయ్యా రామ్‌ప్రసాద్. సిద్ధాంతగ్రంథానికి ఇంతకన్నా ఏం కావాలి. ఆ మేలుకొలుపు ఉంది చూశావూ, దాని కాలం నిర్ణయించేను. కాఫీ ప్రస్తావన ఉంది కనుక మరీ పాతది కాదు. గ్యాసు లేదు, పొయ్యే ఉంది, కనుక మరీ కొత్తదీ కాదు. స్వాతంత్ర్యానికి అటూ ఇటూగా ఎవరో ముత్తయిదువ కట్టి ఉండాలి."

అట్టు తిరగేసే అట్లకాడ అలాగే పట్టుకుని నించున్నాను. గ్యాసు అన్న మాట నా వరసలో ఇమడలేదు, అందుకని పొయ్యమ్మ అన్నాను. రమ్య పదో తరగతి పరీక్షల రోజుల్లో, ఇదే పొయ్యి ముందు, ఇక్కడే. నిరుడంతా నేను పని చేసుకుంటుండగానే ఆయన ఫోను పట్టుకుని, "నీ పాటలన్నీ పాడు వల్లీ, రమ్య కోసం దాచి ఉంచుదాం" అంటూ ఒక్కొక్కటీ పాడించుకున్నది ఎందుకో అప్పుడు తెలిసింది. కూతురి పేరు చెప్పి పాడించుకున్నారు.

అట్టు తీసుకుని వెళ్ళాను. మాష్టారు ఆప్యాయంగా తలెత్తారు. "ఏమ్మా, ఇవన్నీ మీ అమ్మమ్మగారి దగ్గర విన్నావటగా. పాపం, ఆవిడ ఎవరి దగ్గర విన్నారో."

ఆయన వంక చూశాను. ఆయన కొబ్బరి పచ్చడి వంక చూస్తున్నారు. చెప్పవలసిన మాట గొంతులో ఉంది. నోటికి వచ్చింది మాత్రం "ఇంకో అట్టు వేయనా మాష్టారూ" అన్న మాట. ఆ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మాష్టారు వెళ్ళాక పళ్ళాలు తీస్తూ అడిగాను. "నేను కట్టేనని మీకు తెలుసు కదండీ."

"తెలియకేం" అన్నారు ఆయన, అదేదో చిన్న విషయమైనట్టు. "బతికున్న మనిషి ఇంట్లో కూర్చుని కట్టిన పాటల మీద పరిశోధన అంటే ఎవరూ ఒప్పుకోరు వల్లీ. కర్త తెలియకపోతేనే అది జానపదం. దానికే విలువ."

"అయితే నేను బతికుండడమే మీకు ఇబ్బందా?"

"ఎందుకలా వంకర తీస్తావు. మనలో మనకి నీది నాది ఏమిటి? నాకు పోస్టు వస్తే అది నీకు వచ్చినట్టు కాదూ? నీ గొంతు ఊరంతా వినలేదూ? నిన్ను కొట్టేనా, తిట్టేనా. నీ కోసం మా అమ్మ నోరు కూడా మూయించేను." చెయ్యి కడుక్కుని, తువ్వాలు నా భుజం మీంచి తీసుకుని తుడుచుకున్నారు. "అన్నట్టు రేడియోవాళ్ళకి పాటలన్నీ కావాలట. వారానికొకటి. స్టూడియోలో నువ్వు పాడు, నేను వ్యాఖ్యానం చెబుతాను. మొదట ఓ కొత్త పాట కూడా ఉంటే బాగుంటుందన్నారు, నీకు ఏదైనా గుర్తొస్తుందేమో చూడు."

గుర్తొస్తుందేమో చూడాలట. మనలో మనకి నీది నాది లేకపోతే ఆ డాక్టరేటు మీద కూడా కర్త తెలియదని వేయించుకోవచ్చు కదా అనుకున్నాను. పైకి అనలేదు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు. వాదన అయ్యాక అంట్లు నేనే తోమాలి. అసలు పాడనని మొండికేస్తే? ఆ రాత్రే అనుకున్నాను, తెల్లవారి మళ్ళీ మానుకున్నాను. నేను పాడకపోతే నిరుడు పాడించుకున్నవి ఆయన ఫోనులో ఉండనే ఉన్నాయి. అవి నేను లేకుండానే ఊరేగుతాయి.

రెండు రోజులకి ఆయన బండారులంక చీర తెచ్చారు. ముదురు ఆకుపచ్చ, సన్నని జరీ అంచు. "స్టూడియోకి కట్టుకో" అన్నారు. రేడియోలో చీర ఎవరికి కనిపిస్తుందో నాకు తెలియలేదు. ఆయన తెచ్చినదాన్ని అనుమానం లేకుండా చూసే రోజు పోయింది గాని, చీర చేసిన పాపం ఏమీ లేదు. రవికె గుడ్డ కత్తిరించడానికి చాప మీద పరిచాను. ఆ గుడ్డ చివర చేనేత సంఘం వాళ్ళు వేసిన నీలం ముద్ర ఉంది. నేసినవాళ్ళది అని చెప్పే గుర్తు అదొక్కటే. దర్జీ ఎలాగూ ఆ పక్క కోసేస్తాడని ముద్ర ఉన్న పేలిక నేనే కత్తిరించి పడేశాను. రెండు వేళ్ళ వెడల్పు పేలిక, ఒక్క కత్తెరకి పోయింది. అంచు మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి నేతలోనే ఉంది. దాన్ని కొయ్యాలంటే చీర చీర కింద మిగలదు. కత్తెర పక్కన పెట్టి చాలాసేపు ఆ అంచు చూస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే పాట మొదలుపెట్టాను. పప్పు ఉడుకుతుండగా పల్లవి కుదిరింది. మజ్జిగ చిలుకుతుండగా మొదటి చరణం కుదిరింది. ఆయన కాలేజీకి వెళ్ళిన వేళల్లోనే పాడుకున్నాను. ఒక రోజు దేవుడి గది గుమ్మంలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"ఇందాక పాడింది మళ్ళీ పాడు."

ఉలిక్కిపడ్డాను. "నైవేద్యం మీద తుంపర పడుతుందేమో అత్తయ్యగారూ" అన్నాను, కాస్త ఎత్తిపొడుపుగానే.

"పడితే పడనీ. దేవుడేం అరిగిపోడు."

పాడాను. ఆవిడ జపమాల ఆపి మొత్తం విన్నారు. చివర, "పెళ్ళినాడు మా అత్తగారు నా పేరు మార్చేసేరు. అంతకు ముందు నన్ను కామేశ్వరి అనేవారు" అన్నారు. జపమాల మళ్ళీ తిప్పుకున్నారు. ఆవిడ కొడుకుతో చెప్పేస్తారని ఆ సాయంత్రమంతా నాకు గుబులు. ఆయన బూట్లు విప్పుతున్నప్పుడు ఆవిడ నోరు కదిలితే చాలు, చేతిలో పని ఆపి వినేదాన్ని. ఆవిడ చెప్పింది, కాఫీలో చక్కెర ఎక్కువైందని మాత్రమే.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకున్నాను. ఒక చిన్న గది, గోడల నిండా గోనెగుడ్డ లాంటిది అంటించి ఉంది. అద్దానికి అవతల క్రిస్టీనా. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. "రండి మేడం, మంచినీళ్ళు తాగుతారాండీ" అంది. ఆయన నా పక్క కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకున్నారు. "ఏం పాడుతున్నావు?" అని గొంతు తగ్గించి అడిగారు.

"మేలుకొలుపేనండి. వరస వేరు."

"మంచిది. మీ అమ్మమ్మ దగ్గర విన్నదే అని చెబుతాను."

ఎర్ర దీపం వెలిగింది. అది వెలిగి ఉండగా పాట మొదలైతే పాడేవాళ్ళు తప్ప ఇంకెవరూ నోరెత్తకూడదని క్రిస్టీనా ముందే చెప్పింది. నా జీవితంలో ఒక గదిలో అలాంటి దీపం ఉండడం అదే మొదలు. ఆయన వ్యాఖ్యానం అయ్యాక నా వంక చెయ్యి చూపించారు. నేను ఎత్తుకున్నాను.

"నాగవల్లిని నేను మేలుకున్నాను
నా పేరు నేనే పిలుచుకున్నాను"

ఆయన చేతిలో కాగితం కదిలింది. నేను అటు చూడలేదు. చీపురు చరణం పాడి పల్లవికి వచ్చాను, నాగవల్లిని నేను. చారు చరణం పాడి పల్లవికి వచ్చాను, నాగవల్లిని నేను. కడిగి బోర్లించిన గ్లాసు మీద ఒక చరణం ఉంది, అది కాస్త నెమ్మదిగా, రుచి చూసుకుంటూ పాడాను. అద్దం అవతల క్రిస్టీనా తల ఊపుతోంది. ఆయన మోకాలితో నా కుర్చీని తట్టారు. మా అమ్మమ్మ ముద్ర దగ్గర గొంతు పెంచినట్టు ప్రతిసారీ పెంచాను. పాట అయిపోయింది. దీపం ఆరింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. మొహం ఎర్రబడింది గాని, క్రిస్టీనాతో మాట తేనెలాగే వచ్చింది. "బాగుందమ్మా. కాకపోతే సంప్రదాయ పాటల వరసలో పేరు ఉంటే ఇమడదు. ఆ పేరు వచ్చినచోట తీసేయండి. చిన్న పనే కదా."

క్రిస్టీనా కంప్యూటరు వంక చూసింది, ముందుకీ వెనక్కీ జరిపి విన్నది. ప్రతిసారీ స్పీకరులో నా పేరే మోగింది.

"ఎక్కడని తీయమంటారండి? పల్లవే అది కదండీ. అది తీస్తే ఇంక పాటెక్కడుంటుందండి" అంది. తరవాత హెడ్‌ఫోన్లు మెడ మీదకి జార్చుకుని, అద్దంలోంచి నన్ను చూసింది. "ఇంతకీ ఈ నాగవల్లి ఎవరండీ మేడం?"

ఆయన నోరు తెరిచారు. ఎర్ర దీపం లేదు కనుక ఆయన్ని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని నేనే మైకు దగ్గరికి జరిగాను.

"నేనేనమ్మా. ఆ వేళ ఫోనులో, ఎవరో తెలుసుకుని చెప్తానన్నాను కదా."